మా గేరికి తానే వచ్చిన దేవుడు

ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ఈ సాక్ష్యం ఎప్పుడో చెప్పవలసింది, అయితే ఎన్నిసార్లు లేచినా మళ్లీ కూర్చునేదాన్ని, ఈ ఆదివారం దేవుడే నోరు తెరిపించాడు, ఆయనకే మహిమ! కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల మాట ఇది. కమలాపురం స్టేషను అవతల, ఊరివాళ్లు అడుగుపెట్టని మా గేరిలో, మా వాడలో, నా పెనిమిటి పౌలయ్య తూలుకుంటూ ఇల్లు చేరని సాయంత్రం లేదు. సారా బందని సర్కారు చెప్పింది గాని, గుట్టల్లో దొంగసారా కాచే చోటికి ఆయన కాళ్లు వాటంతటవే నడిచేవి. రైలు పట్టాలు సరిచేసే గ్యాంగులో ఆయన పని. తాగి గుడికి వస్తున్నాడని అయ్యగారు ఆయనను ప్రభువు బల్లకు, ఆ రొట్టెకూ రసానికీ, దూరం పెట్టారు. మరి ఆ బల్లకు ద్రాక్షరసం చేసేదెవరు? ఈ శాంతమ్మే! శనివారం కిస్‌మిస్ పండ్లు కడిగి, నానబెట్టి, కాచి, తెల్లగుడ్డలో పిండి సీసాకు పోసేదాన్ని. నెలకొకసారి బల్ల పెట్టే ఆదివారం సంఘమంతా తాగేది, నా ఇంటి మనిషి మాత్రం బయట చెప్పుల దగ్గర కూర్చునేవాడు. నేను చేసిన రసం ఆయన బల్ల దగ్గర ఒక్కసారి తాగితే చూడాలి, నాకు వేరే కోరిక లేదు. దానికోసం ఎన్ని ఉపవాసాలున్నానో ఆ ప్రభువుకే తెలుసు.

అప్పుడు పట్టాలకు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు, బొంబాయి వైపు యూదుడు, రూబేను సారు. యూదులంటే అయ్యగారి ప్రసంగంలో వినడమే గాని, మన స్టేషను క్వార్టర్సులో కాపురముంటారని ఎవరనుకుంటారు! ఆయన భార్య రాహేలుబాయి కచ్చ పోసి చీర కట్టుకునేది. "యేసయ్య చుట్టాలంట మే!" అని మా సంఘం ఆడవాళ్లు ఎగబడి చూసి వచ్చారు. అంతకుముందు బిడ్డకు జ్వరమొస్తే ప్రార్థనకు నన్ను పిలిచేవాళ్లు, ఇప్పుడు ఆమె వాకిట్లో నిలబడుతున్నారు. నాకు కుళ్లు కాదూ మరి? నేను ఇన్నేళ్లు మోకాళ్లరిగేలా ప్రార్థించి దగ్గరైన దేవునికి ఆమె పుట్టుకతోనే బంధువైపోయింది, పైగా ఆ యేసు దేవుడు కాడనే అంటుందట!

అది చాలదన్నట్టు నా పెనిమిటి కూడా ఆ వాకిలే పట్టాడు. విశ్రాంతి దినమని వాళ్ల ఇంట్లో శుక్రవారం పొద్దు గూకితే ఇక పొయ్యి ముట్టించరు, మళ్లీ శనివారం చుక్కలు పొడవాలి. ఆ పొయ్యి పని చూసిపెట్టమని సారు మా ఆయనను అడిగాడు. "పౌలయ్యా, మా ఇంటి నిప్పు నీ చేతికిస్తాండా, తాగొస్తే మాత్రం ఇయ్యను" అన్నాడట. ఎవరూ ఏదీ నమ్మి ఇవ్వని మనిషికి ఆ ఒక్క మాట తగిలింది. మొదట శుక్ర, శనివారాలు తాగలేదు, తర్వాత ఆదివారమూ తాగలేదు, చూస్తుండగానే దొంగసారా దారే మరిచిపోయాడు. నేను సంతోషపడ్డాననుకున్నారా? ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, నేను కడుపు మాడ్చుకోని అడిగితే ఇయ్యలేదే! నిన్ను దేవుడని ఒప్పుకోనోళ్ల చేతికిచ్చి పంపిస్తావా? నేనేం తక్కువ చేసినా నీకు?"

ఒకనాడు ఆయన అన్నం తింటూ తింటూ, "రావల్సిన రక్షకుడు, ఆ మెస్సీయ, మనిషేనంట మే, రాజంట. దేవుడు దేవుడేనంట, మనిషి కాడంట. సారు చెప్పినాడు" అన్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. తాగుడు వదిలి ప్రభువునే వదిలేస్తాడా ఈయన అని భయపడ్డాను. ఆ శుక్రవారం కట్టెల మోపుతో క్వార్టర్సు పక్కగా వస్తూ కంచె సందులోంచి చూశాను గదా, వాళ్ల ఇంట్లో దీపాలు, సారు ఏదో ప్రార్థన చదువుతున్నాడు, మా ఆయన వరండాలో గ్లాసు పట్టుకొని నిలబడ్డాడు, గ్లాసులో ద్రాక్షరసం! అయ్యో సహోదరులారా, నేను చేసినది ముట్టడానికి వీల్లేని మనిషి, వాళ్ల చేతిది తాగుతున్నాడే!

సంగతి చెబితే అయ్యగారు పోయి మాట్లాడతానన్నారు. అయ్యగారి కింద బోధించే ఉపదేశి భార్య తాను పోతానంది. నా మొగుడి కోసం ఇంకొకరు పోయేదేంది! ఎవరినీ పోనివ్వలేదు, సోమవారం ఆయన పనికి పోగానే నేనే పోయాను.

రాహేలుబాయి వరండాలో బియ్యం ఏరుతోంది. కూర్చోమని పీట వేసినా కూర్చోలేదు. "యేసు దేవుడు కాడని నా మొగునికి నేర్పిస్తాండారా?" అని అడిగేశాను. ఆమెకు కోపం రాలేదు. సగం ఉర్దూ, సగం తెలుగు కలిపి, "అడిగితే చెప్పినాం శాంతమ్మా. దేవుడు ఒక్కడేనని పొద్దున లేస్తే చెప్పుకునేవాళ్లం మేము. మెస్సీయ వస్తాడు, దావీదు ఇంట్లో పుట్టిన మనిషిగా వస్తాడు, లోకానికి శాంతి తెస్తాడు. మనిషిని దేవుడని మొక్కడానికి మాకు నోరు రాదు" అంది.

"మాకూ దేవుడు ఒక్కడేనమ్మా" అన్నాను. "అయితే, దేవుడు ఒక రాజును పంపించింటే ఆయప్ప మా గేరిలోకి వచ్చేవాడా? గేరి మొదట్లోనే నిలబడి, మమ్మల్ని బయటికి పిలిపించి, నాలుగు మాటలు చెప్పి పోయేవాడు. మా గుడిసెలో దూరి మాతో కూడు తిన్నాడంటే ఆయన దేవుడే!"

ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది. తర్వాత, "మీ ఆయన మా రసం తాగినాడని వచ్చినావా?" అంది. "మొదటి వారం గ్లాసు చేతికిచ్చినా. పట్టుకోని నిలబడినాడు, ప్రార్థన అయినాక గోడ మీద పెట్టేసినాడు. ప్రతివారం అంతే. ఏమప్పా అంటే, ఇది నా పెండ్లాం గుడికి చేస్తాది అమ్మా, ఆమె చేతిది తాగకుండా ఈడ తాగితే ఆమెకు నా మొగమెట్ల చూపియ్యల్ల అన్నాడు."

నేను అక్కడే పీట మీద కూలబడి ఏడ్చాను. ఆమె కొంగుతో నా కళ్లు తుడిచింది. పోయేటప్పుడు, మీ బల్లకు తీసుకోమని దోసెడు కిస్‌మిస్ ఇవ్వబోయింది, నేను తీసుకోలేదు. ఆయన తాగే రసం నా పండ్లతోనే చేయాలి, అంత తొందరగా చావదు నా రోషం!

ఆ నెల ప్రభువు బల్ల రోజున తాగుడు మానాడని నమ్మకం కుదిరి అయ్యగారు పౌలయ్యను పేరు పెట్టి పిలిచారు. ఆయన చెప్పుల దగ్గర నుంచి లేచి లోపలికి వచ్చాడు, గిన్నె అందుకున్నాడు, మగవాళ్ల వైపు నుంచి ఒక్కసారి నా వైపు చూసి తాగాడు. స్తోత్రం ప్రభువా! ఇంటికి వచ్చాక, "మే, మనిషే అయింటే నన్ను ఇంతదూరం ఎతుక్కోని రాడులే" అన్నాడు.

రాహేలుబాయి ఇప్పటికీ రావలసినవాని కోసం ఎదురుచూస్తోంది, నేను వచ్చినవానిని కొలుస్తున్నాను, ఇద్దరం ఒకే అంగట్లో కిస్‌మిస్ కొంటున్నాం, ఎదురుపడితే నవ్వుకుంటున్నాం. ఆమె చేత నా ప్రార్థన నెరవేర్చిన దేవునికి వందనాలు! అసూయ పోయిందా శాంతమ్మా అని అడగకండి, అదే నాకు బోధ చేసింది. నా మొగుడి కోసం ఇంకొకరిని పంపడానికి నాకే మనసొప్పలేదే, మనలను చేసిన వానికి ఒప్పుతుందా? అందుకే తానే వచ్చాడు. చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్లు ఈ రోజు కూడా ఎవరైనా ఉంటే వినండి, మీ కోసం వచ్చింది ఎవరో పంపిన మనిషి కాదు, లోపలికి రండి.