లెవెల్ జీవానందం

జీవానందానికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు నోరు తెరిచినా తగ్గించేస్తాడు.

బందరులో ఆయనకో రికార్డింగు గది ఉండేది. అందులో విండోస్ బదులు లినక్స్ ఎక్కించిన కంప్యూటరు, దాని సౌండ్ కార్డుకు బయట వైరుతో తగిలించిన ఓ డబ్బా. గొంతుల్ని అంకెలుగా మార్చే కన్వర్టర్ అది. తెరమీద మైకుకో మీట. మౌసుతో పైకి లాగితే గొంతు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది, మోతాదు మించితే ఎర్రదీపం వెలుగుతుంది. ఇంగ్లీషు హెల్ప్ పేజీలు చదివిపెట్టడానికి కాలేజీ వదలగానే అక్కడికి పోయేవాణ్ణి గనక సాధికారంగా చెబుతున్నాను: ఆయన మీటను పైకి లాగగా చూసినవాడు బందర్లో లేడు.

జబ్బు వీధిలోకీ పాకింది. టీకొట్లో ఎవరైనా గొంతు పెంచితే ఈయన వేలు గాల్లో కిందికి జారేది. పెళ్లిచూపుల్లో కాబోయే మావగారితో "ఆరు డెసిబెల్స్ తగ్గి మాట్లాడండి" అన్నాడు. సంబంధం తప్పిపోయింది.

"పోనీలెండి మాస్టారూ, ఆ ఇంట్లో అందరూ ఎర్రదీపాలే" అని నేనే ఓదార్చాను.

2003లో ఒక చర్చి గాయక బృందం సీడీ కోసం వచ్చింది. నాయకుడు శామ్యూల్ రాజ్. దేవుడికి కాస్త చెవుడని ఆయన నమ్మకం కాబోలు, పాలకాయతిప్ప దగ్గర సముద్రం ఉలిక్కిపడేలా పాడతాడు. పల్లవికే దీపం వెలిగింది.

"అన్నా, మూడడుగులు వెనక్కి."

"భక్తికి కొలతలేంటి బ్రదర్?"

"భక్తికి లేవు. కన్వర్టర్‌కి ఉన్నాయి. ఇంకో అడుగు."

తలుపు దాకా వెళ్లిన ఆ మనిషి కోపం భాగ్యమ్మ మీదికి మళ్లింది. ముప్పయ్యేళ్లుగా బృందంలో పాడుతోందావిడ. గొంతుకి ఆపరేషనయ్యాక మాట పక్కవాళ్లకే వినబడదు.

"పిన్నీ, మీరు కూర్చుని ప్రార్థన చేయండి. మీ గొంతు ఎలాగూ రికార్డులో పడదు."

ఆవిడ పాటల పుస్తకం మూసింది. "ఇదొక్కటీ పాడి మానేద్దామనుకున్నాను బాబూ."

జీవానందం తెర మీంచి తల ఎత్తలేదు. "కుదరదండీ. నాలుగో మైకు ముందు మనిషి లేకపోతే కన్వర్టర్ గుయ్‌మంటుంది. పిన్నిగారు నిలబడాల్సిందే."

అంత పచ్చి అబద్ధం నేనెప్పుడూ వినలేదు. ఖాళీ మైకును ఒక్క క్లిక్కుతో మూసేయొచ్చు. కానీ ఆయన చాదస్తం జగమెరిగింది గనక ఎవరూ ఎదురడగలేదు. తెర వైపు చూశాను. ఎనిమిది మీటల్లో ఏడు అడుక్కి దిగి ఉన్నాయి. నాలుగోది పైకొసన ఉంది.

వారం పోయాక అందరినీ కూర్చోబెట్టి సీడీ వినిపించాడు. శామ్యూల్ రాజ్ బస్టాండులోంచి పాడుతున్నట్టున్నాడు. భాగ్యమ్మ గొంతు మాత్రం సన్నగా, తేటగా, మన చెవి పక్కనే.

ఆవిడ కంగారు పడిపోయింది.

"జీవానందం, నాది మరీ పైకొచ్చేసింది నాయనా. కాస్త తగ్గించకూడదూ?"

తగ్గించమని ఒక మనిషి ఆయన్ని బతిమాలడం అదే మొదటిసారి.

"లినక్సులో తగ్గించడం కుదరదండీ పిన్నిగారూ" అన్నాడు, నా మొహం చూడకుండా.