ఎనిమిదో నంబరు అంగి

ఫిబ్రవరి నెల, రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు నేనొక తప్పు చేశాను. అది పొరపాటు. నాలుగూ యాభైకి దాన్ని సరిదిద్దే వీలుండి కూడా సరిదిద్దలేదు. అది పొరపాటు కాదు. అయిదున్నరకు కమిటీ పెద్దల ముందు రెండు అబద్ధాలు చెప్పాను. పద్నాలుగేళ్లుగా నేను మోస్తున్న బరువంతా ఆ నలభై రెండు నిమిషాలదే.

నా పేరు చెప్పను. బాన్సువాడలో చాలామందికి నేను టీచరమ్మను. ఈ మాటలు వాళ్లతో చెప్పలేక మీతో చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, మీ మొహం నేను చూడనవసరం లేదు. ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. తారీఖులు, సమయాలు, కూడికలు తప్పని మనిషినని పేరు. ఆ పేరే నన్ను ఇన్నాళ్లు కాపాడింది.

బడిలో ఆటల టీచరుగా పనిచేశాను. ఖోఖో, కబడ్డీ నాకు మొదటినుంచీ వచ్చు. ఫుట్‌బాల్ నియమాలు మాత్రం చదివి నేర్చుకున్నాను. ఎందుకంటే మా చుట్టుపక్కల మండలాల్లో పోటీలు పెడితే ఈల ఊదేవాళ్లు దొరికేవారు కాదు. దొరికినవాళ్లు ఒకసారి తిట్లు తిని మళ్లీ వచ్చేవారు కాదు. నలభై ఆరో ఏట నేను ఈల పట్టుకున్నాను. రిఫరీ పని పరుగెత్తడం అనుకుంటారు. సగం పని కోపంగా ఉన్నవాడి ముందు నిలబడటం.

దానికి నాకొక పద్ధతి ఉండేది. ఆటగాడు అరుస్తూ మీదికి వస్తే నా గొంతు తగ్గించేదాన్ని. ఎదురుగా నిలబడితే కొట్లాటలా కనిపిస్తుందని రెండడుగులు పక్కకు జరిగేదాన్ని. కెప్టెన్‌ను పిలిచి, ఏం చెప్పినా అతనికే చెప్పేదాన్ని. కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టే ముందు లోపల పది లెక్కపెట్టేదాన్ని. చాలాసార్లు ఆరో ఏడో దగ్గరే కోపం దిగిపోయేది. అతనిది కాకపోతే నాది.

ఆ ఆదివారం లెక్కపెట్టలేదు.

సెమీఫైనల్. బిచ్కుంద జట్టు, కోటగిరి జట్టు. నాలుగింటికి మొదలుపెట్టాను. ఒక్కో సగం ముప్పై అయిదు నిమిషాలు, మధ్యలో పది నిమిషాల విరామం. మొదటి సగంలో బిచ్కుంద ఎనిమిదో నంబరు ఆటగాడు నా నిర్ణయానికి బూతు మాట అన్నాడు. పసుపు కార్డు చూపించాను. నా అలవాటు ప్రకారం ఎడమ అరచేతిలో పెన్నుతో 8 అని వేసుకున్నాను. అదే ఆటగాడికి రెండో పసుపు వస్తే ఎర్ర కార్డు, మైదానం బయటికి. ఇందులో చర్చ లేదు.

విరామంలో బిచ్కుంద కెప్టెన్ నర్సింలు నా దగ్గరికి వచ్చాడు. నేను షామియానా కింద ముఖ్య అతిథి పక్కన చాయ్ తాగుతున్నాను. "మేడం, ఒకన్ని మార్చినం" అన్నాడు. సరే అన్నట్టు తల ఊపాను. ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, అడగలేదు. అడగడం నా పని. అతిథి నా ధైర్యం గురించి ఏదో మెచ్చుకుంటున్నాడు. అది వినాలనిపించింది.

మా దగ్గరి జట్లకు పదకొండే అంగీలు ఉండేవి. పన్నెండోవాడు దిగాలంటే బయటికొచ్చినవాడు అంగి విప్పి ఇవ్వాలి. నంబరు అంగితో పాటు పోతుంది, మనిషితో కాదు. ఇది మైదానంలో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్లుగా ఈల ఊదుతున్న నాకు తెలియదా?

నాలుగూ నలభై అయిదుకు ఆట మళ్లీ మొదలైంది. మూడు నిమిషాలకు బంతి గీత దాటింది. త్రో కోటగిరికి ఇచ్చాను. ఎనిమిదో నంబరు అంగి వేసుకున్నవాడు చేతులు చాచి గట్టిగా అన్నాడు, బంతి వాళ్లకే తగిలి పోయిందని. బయట నుంచి ఎవడో అరిచాడు, "మేడం, అద్దాలు మార్చుండ్రి." ఇంకొకడు అందుకున్నాడు, "ఇంటికాడ పప్పు మాడుతుందట, జల్ది పంపుండ్రి." జనం నవ్వారు. నేను పసుపు కార్డు తీశాను. అరచెయ్యి చూసుకున్నాను. 8. వెంటనే ఎర్ర కార్డు తీశాను.

అతను నా దగ్గరికి వచ్చాడు. పరుగెత్తుకుంటూ కాదు, నడిచే వచ్చాడు.

"మేడం, నాకు రెండోది ఎట్లయితది? నేను గిప్పుడే దిగిన."

"ఎనిమిదో నంబరు. ఫస్టాఫ్‌ల ఒకటి అయింది. నేను రాసుకున్న."

"గది గంగారాంది మేడం. గాయన ఇప్పి ఇచ్చిండు, నేనేసుకున్న. మా తాన పదకొండే అంగీలుంటయ్, మీకు ఎరుకే గద."

"బయటికి నడువు."

"జర నా మొహం చూడుండ్రి మేడం. నేను చెరుకు ట్రాక్టర్ దింపి సీదా గిటే వచ్చిన. గంగారాం నా లెక్కనే ఉంటడా?"

చూశాను. అదే నేను మీకు చెప్పవలసిన విషయం. అప్పుడే కడుక్కుని తుడుచుకున్న మొహం. నుదుటి మీద చెమట చుక్క లేదు. ఒంటి మీది అంగి మాత్రం ముద్దగా తడిసి ఉంది, వీపున మట్టి అంటుకుని ఉంది. మూడు నిమిషాల్లో ఎవరి అంగీ అట్లా తడవదు. వేరేవాడి చెమట అది. నాకు అర్థమైంది. అనుమానం కూడా మిగలలేదు.

ఆట తిరిగి మొదలయ్యేదాకా రిఫరీ తన నిర్ణయం మార్చుకోవచ్చు. ఈ నియమం నాకు బాగా తెలుసు, ఇతరులకు నేర్పిందాన్ని కూడా. ఈల నా నోట్లో ఉంది, బంతి గీత బయట ఆగి ఉంది. కార్డు వెనక్కి తీసుకుంటున్నానని ఒక్కమాట అంటే చాలు. ఆ మాట బదులు నాకు వినిపిస్తున్నది నవ్వు. ఒకసారి వెనక్కి తగ్గితే ఇంకెప్పుడూ ఒక ఆడమనిషి చేతికి ఈల ఇవ్వరు అనుకున్నాను. అప్పుడు అదే కారణమని నమ్మాను. ఇప్పుడు నమ్మకం లేదు. మైదానంలో ఆడవాళ్ల గురించి అంత ఆలోచించే మనిషినైతే, న్యాయం గురించి కూడా ఆలోచించేదాన్ని కదా? నాకు తప్పు చేసినట్టు కనిపించడం ఇష్టం లేదు. అంతే. తప్పు చేయడం కంటే అది నాకు పెద్దదిగా తోచింది.

నేను కదలకపోయేసరికి అతనికి కోపం వచ్చింది. అంగి విప్పాడు. రెండు చేతులతో నా ముందుకు చాచాడు.

"ఇగో. కార్డు గీ అంగికే చూపెట్టుండ్రి. బయటికి గిదే పోతది."

జనం మళ్లీ నవ్వారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అతను చేతులు వదిలాడు. అంగి నా బూట్ల మీద పడింది. నర్సింలు వచ్చి అతని భుజం పట్టుకుని తీసుకుపోయాడు. నేను ఈల ఊదాను. కోటగిరివాళ్లు త్రో వేశారు. నాలుగూ యాభై.

బిచ్కుంద ఆ తర్వాత పదిమందితోనే ఆడింది. ఒక గోల్ తేడాతో ఓడింది.

అయిదున్నరకు షామియానా కింద పోటీల కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద రాజన్న, రైసుమిల్లు ఆయన. మంచివాడే. నా వైపు కుర్చీ జరిపి అడిగాడు, "ఏమైంది టీచరమ్మా, మీదికొచ్చిండా?"

అప్పటికైనా చెప్పవచ్చు. ఆట అయిపోయింది, ఫలితం మారదు. కానీ ఆ కుర్రవాడిని వదిలిపెట్టవచ్చు. నేను అన్నాను, "అంగి తీసి నా మొహాన కొట్టిండు."

షామియానా తాడు దగ్గర నిలబడ్డ నర్సింలు ముందుకు వచ్చాడు. "ఎందుకు మేడం గట్లంటరు. ఆయన కొట్టలే. మార్చినమని నేను మీకు చెప్పిన గద."

"నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

నర్సింలు నా మొహంలోకే చూశాడు. తర్వాత రాజన్న వైపు తిరిగి చేతులు జోడించాడు. అప్పుడే నాకు ఆ ఆటగాడి పేరు తెలిసింది. సాదిక్, ఇరవయ్యేళ్లు. వచ్చే ఆదివారం నిజామాబాద్‌లో జిల్లా జట్టు ఎంపికలు ఉన్నాయని, ఇతనికి తప్పకుండా చోటు దొరుకుతుందని అందరూ అంటున్నారని, జిల్లాకు ఆడితే పోలీసు ఉద్యోగానికి ఆటల కోటాలో పెట్టుకోవచ్చని నర్సింలు చెప్పాడు. "వానికి గిదొక్కటే ఉన్నది అన్నా" అన్నాడు. రాజన్న నా వైపు చూశాడు. నేను ఎడమ చెయ్యి మూసుకున్నాను. ఆడమనిషి మీద చెయ్యి చేసుకున్నాక ఊరుకుంటే రేపు పోటీలు ఎట్లా నడుపుతామని మిగతావాళ్లు అన్నారు. రెండేళ్ల నిషేధం. జిల్లా సంఘానికి కబురు పోయింది.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. అరచేతిలో అంకె పోవడానికి రెండుసార్లు సబ్బు పెట్టాను.

ఆ రోజు తర్వాత మైదానంలో నాతో ఎవరూ వాదించలేదు. టీచరమ్మతోటి లొల్లి వద్దు, జిందగీ ఖరాబైతది అని కుర్రాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవారు. నా చెవిన పడేది. నేను దాన్ని గౌరవం అనుకున్నాను. పది లెక్కపెట్టే అవసరం కూడా లేకపోయింది, నా ఎదుటికి వచ్చేవాళ్లే లేరు కాబట్టి. ఎన్ని త్రోలు తప్పుగా ఇచ్చి ఉంటానో. చెప్పేవాడు లేకపోతే నాకెట్లా తెలుస్తుంది?

మూడేళ్ల తర్వాత బాన్సువాడ బస్టాండు బయట బిచ్కుంద పోయే షేరింగ్ ఆటో ఎక్కబోయాను. నడిపేవాడు దిగి నా సంచి అందుకున్నాడు. సాదిక్. నేను గుర్తుపట్టాను. అతను ముందే గుర్తుపట్టాడు.

"మాఫ్ చేయుండ్రి మేడం. గా దినం జర గరమైన. పెద్దమనిషి ముంగట అంగి ఇప్పేసుడు మంచిగ లేకుండె."

అతని గొంతులో ఎగతాళి లేదు. దానికోసం వెతికాను, ఉంటే నాకు సులువయ్యేది. లేదు.

నేనేం అన్నానో చెబుతాను. "సరే, ఇగ మరిచిపో" అన్నాను. అన్యాయం చేసింది నేను, క్షమించింది కూడా నేనే. ఇప్పుడు ఆడుతున్నావా అని అడిగాను. లేదు మేడం, నిషేధం అయిపోయినాక మనసు రాలే అన్నాడు. బిచ్కుంద చేరేదాకా అతని వెనక సీట్లో కూర్చుని అతని వీపు చూస్తూ ఉన్నాను. మధ్యలో గుంత వచ్చినప్పుడల్లా, పైలం మేడం, పట్టుకోండి అని చెప్పాడు.

ఇంతకన్నా సిగ్గుపడవలసింది ఒకటుంది. ఈల మానేశాక నన్ను కొత్త రిఫరీలకు పాఠం చెప్పమని పిలవడం మొదలుపెట్టారు. కోపంగా ఉన్న ఆటగాడితో ఎట్లా మెలగాలి అన్నది నా పాఠం. అందులో ఒక ఉదాహరణ చెప్పేదాన్ని. పేరు చెప్పకుండా, ఒక ఆటగాడు అంగి విప్పి నా మొహాన కొట్టాడని, నేను గొంతు పెంచకుండా నియమం ప్రకారం నిలబడ్డానని. అందరూ శ్రద్ధగా వినేవారు. చెప్పీ చెప్పీ, ఆ అంగి నిజంగానే నా మొహానికి తగిలినట్టు, తడి తెలిసినట్టు అనిపించేది. అబద్ధానికి అంత ఓపిక ఉంటుందని నాకు తెలియదు.

పోయిన నెల ఒక కొత్త ఆటల టీచరు, ఇరవై అయిదేళ్ల అమ్మాయి, చెయ్యి ఎత్తింది. "మేడం, గాయనకు అంత కోపం ఎందుకొచ్చింది? మీరు అడిగిన్రా?"

టైమైందని పాఠం ఆపేశాను. ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయి.

సాదిక్ ఇప్పటికీ అదే దారిలో ఆటో నడుపుతాడు. నేను ఆ ఆటో వచ్చే వేళ చూసుకుని వేరే వేళకు బయలుదేరుతాను. వెళ్లి చెప్పాలా? చెబితే అతనికి ఏం వస్తుంది? ఇదీ తప్పించుకోవడమేనేమో, నాకు తేల్చడం రావడం లేదు. ఇక్కడ రాయగలిగాను. ఈ కాస్తకే ఊపిరి తేలిగ్గా ఆడుతోంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

పోయినవి ఇవి. సాదిక్‌కు నిజామాబాద్‌లో ఎంపికల రోజు పోయింది, నిషేధంలో రెండేళ్లు పోయాయి, ఆ వెనక ఆటే పోయింది, దానితో పోలీసు ఉద్యోగానికి ఉన్న ఒక్క దారి పోయింది. బిచ్కుంద జట్టుకు ఒక సెమీఫైనల్. నర్సింలుకు పెద్దల ముందు తన మాట విలువ. నాకు పోయింది ఏమీ లేదు. ఇంకో పదకొండేళ్లు ఈల ఊదాను.