ఆదాము చెప్పని కబురు

ఆదాము తలుపు తట్టాడంటే కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి తెలుగువాళ్ళ ఇళ్ళలో గుండె ఝల్లుమనేది. పండక్కో పబ్బానికో వచ్చే మనిషి కాదాయన. చర్చిలో ఎవరు పోయినా గంట కొట్టేదీ, ఇంటింటికీ కబురు మోసేదీ ఆయనే. రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైపోయినా ఈ పని మాత్రం వదల్లేదు. జీతం లేదు, బత్తెం లేదు, చెయ్యమన్నవాళ్ళూ లేరు.

కబురు చెప్పడానికి ఆయనకో పద్ధతుంది. గుమ్మంలో నిలబడి చెప్పడు. లోపలికెళ్ళి ముందు ఆ ఇంటిమనిషిని కూర్చోబెడతాడు. తనే కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచి చేతికిస్తాడు. ఆ తర్వాతే పోయినవాళ్ళ పేరు, ఎవరి బిడ్డో కూడా కలిపి చెప్పి, "ప్రభువునందు నిద్రించారు" అంటాడు. ఆ నీళ్ళు తాగేదాకా అక్కణ్ణుంచి కదలడు. కబురు గొంతుకడ్డం పడకూడదని ఆయన వాదన.

భార్య తబితా పోయినప్పుడు కూడా తనే గంట కొట్టి, తనే అన్ని ఇళ్ళకూ వెళ్ళొచ్చాడు. ఒక్క చావు మాత్రం ఆ నోట రాలేదు. అది కొడుకు రాబిన్‌ది. యార్డులో వ్యాగన్లు తగిలిస్తూ రెండింటి మధ్యా ఇరుక్కుపోయాడు రాబిన్. ఆ రోజు గంట వేరెవరో కొట్టారు. రాబిన్ కూతురు కెరోలిన్‌కు అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. తాత ఒళ్ళోకెక్కి "నాన్న ఏడి?" అని అడిగితే, "డూటీకెల్లాడమ్మా" అన్నాడు. ఆ డూటీ ఇప్పటికీ దిగలేదు. కాస్త పెద్దదయ్యాక ఆ పిల్ల సమాధి రాయి చూసి సంగతి తెలుసుకుంది, అడగడం మానేసింది. ఇప్పుడు కలకత్తాలోనే సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేస్తోంది.

శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు అంటారు. పెద్దాయన మీద ఇంత మోటు సామెత వాడడం బాగోదు గానీ, అంతకంటే సరైనది దొరకడం లేదు. ఊరందరికీ చెప్పినవాడు సొంత మనవరాలికి చెప్పలేదు. చెప్పకుండానే కన్నుమూస్తానేమోనన్న దిగులు ఆయన్ని లోపల్లోపల తినేస్తూనే ఉంది.

ఇలా ఉండగా, ఆదివారం చర్చిలో ఆదాము తెలుగులో చేసే చావు ప్రకటనలు పిల్లలకు తలకెక్కడం లేదని, వాటిని ఇంగ్లీషులో కూడా చెప్పాలని చర్చి కమిటీ తీర్మానించింది.

"మీకెందుకండీ ఈ వయసులో శ్రమ? కుర్రాళ్ళకిచ్చేద్దాం" అన్నాడు పాస్టరు జాబేజ్, మెత్తగానే.

ఆదాముకు చురుక్కుమంది. "నేర్సుకుంతాను" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం కెరోలిన్ మంచం మీద కూర్చుని తాతకు పాఠం మొదలుపెట్టింది.

"పోయారు అని మెత్తగా చెప్పాలంటే 'పాస్డ్ ఎవే' అనాలి తాతా."

"పాసంటే పరీచ్చ కదేటి? ఎవే అంటే దూరం. పరీచ్చ పాసయ్యి దూరం పోడవేటే?"

కెరోలిన్ నవ్వేసింది. "విడదీసి చూడకు. రెండూ కలిస్తేనే ఆ అర్థం. వ్యాగన్లకు కప్లింగ్ వేసినట్టు అనుకో..." అనేసి నాలిక్కరుచుకుంది.

ఆదాము ఆ మాట విననట్టే దుప్పటి మడత సరిచేశాడు. తర్వాత, "ఎవులికి వాడతారు?" అని అడిగాడు.

"మనుషులకే. పేరు ముందు, ఈ మాట వెనక. మాంసం కొట్లో మేక గురించి ఇలా అనరు."

తను గంట కొట్టి సాగనంపినవాళ్ళ పేర్లతో ముసలాయన సాధన మొదలైంది. "గవరయ్య పాస్డ్ ఎవే. అమ్మన్నమ్మ పాస్డ్ ఎవే." ఊరికే మాట అప్పజెప్పి ఊరుకుంటాడా, ప్రతి పేరు వెనకా ఓ తోక. గవరయ్య పులుసు బాగోలేదని కంచం తోసేసి, ఎవరూ చూడకుండా మళ్ళీ లాక్కునేవాడట. అమ్మన్నమ్మకు దేవుడి పాటలన్నీ వచ్చుగానీ శ్రుతి ఒక్కటీ రాదట. కెరోలిన్ ఫోను పక్కన పడేసి విన్నది. వ్యాకరణం పుస్తకంలో ఉదాహరణలు ఇలా ఉంటే తనూ బుద్ధిగా చదివేదే.

పేర్లన్నీ అయిపోయాయి. ఆదాము గోడకేసి చూస్తూ అడిగాడు.

"పెమాదంలో పోయినోలికి ఈ మాట పనికొస్తాదేటమ్మా?"

ఎవరి గురించో ఆమెకు తెలిసిపోయింది. నెమ్మదిగా చెప్పింది. "పేపర్లో అయితే 'కిల్డ్' అని రాస్తారు. ఇంట్లోవాళ్ళ నోటికి ఆ మాట రాదు తాతా. ఇంట్లోవాళ్ళు పాస్డ్ ఎవే అనే అంటారు."

ఆదాము లేచాడు. కుండ దగ్గరికెళ్ళి గ్లాసు ముంచాడు. ఆ గ్లాసు సంగతి తెలియనివాళ్ళు సంత్రాగాఛి తెలుగువాళ్ళలో లేరు. కెరోలిన్ సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆయన గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"రాబిన్. ఆదాము కొడుకు." ఇంకా గ్లాసు మీంచి చెయ్యి తియ్యలేదు. "పాస్డ్ ఎవే."

ఇన్నేళ్ళూ తెలుగులో రానిది ఇంగ్లీషులో వచ్చింది. ఆ మాటతో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఏడవలేదు మరి, అందుకే వచ్చి ఉంటుంది.

కెరోలిన్ కళ్ళు నిండిపోయాయి. "అందరికీ ఎలా చెప్తావో నాకూ అలాగే చెప్పు తాతా."

"ఇప్పుడేటి తల్లీ..."

"ఇప్పుడే."

ఎప్పుడూ ఎదుటివాళ్ళను కూర్చోబెట్టి తను నిలబడి చెప్పేవాడు, మనవరాలి పక్కన కూలబడ్డాడు. "రాబిన్... ఆదాము కొడుకు, కెరోలిన్ తండ్రి... పెబువునందు నిద్రించాడమ్మా" అని, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమె కూడా ఏడ్చింది. ఏడుస్తూనే పద్ధతి ప్రకారం నీళ్ళు తాగింది. సగం తాగి ఆగిపోయింది.

"ఆ రోజు నీకెవరిచ్చారు తాతా నీళ్ళు?"

"ఎవులూ ఇవ్వనేదమ్మా."

కెరోలిన్ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.