వలనూలు మొలతాడు

నా దగ్గర ఒక పాత పళ్ళపొడి డబ్బా ఉంది. అందులో జానెడు నూలు ముక్క ఉంది. ఆకుపచ్చ నైలాను నూలు, వలలు అల్లేది. దానికి కట్టిన ఒక చిన్న గవ్వ. ఇల్లు మారినప్పుడల్లా అన్నిటికన్నా ముందు ఆ డబ్బానే సర్దుకున్నాను. అందులో బంగారం దాచావా ఏమిటి అని నా భార్య ఒకసారి ఎగతాళి చేసింది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక అది. ఏళ్ళ తరబడి నన్ను మాత్రం లేవనివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

టెక్కలి దగ్గర ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. కాలేజీ పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది.

చరిత్ర క్లాసంటే మధ్యాహ్నం భోజనం తర్వాత హాయిగా కునుకు తీసే గంట అని మా పిల్లల అభిప్రాయం. ఒక్క పాఠానికి మాత్రం ఎవరూ కునుకు తీసేవారు కాదు. పాత నాగరికతల్లో పిల్లలు ఎలా పుట్టేవారు, ఎలా పెరిగేవారు అనేది. అది సిలబస్‌లో రెండు వాక్యాలు కూడా ఉండదు. నేనే పెంచి చెప్పేవాణ్ణి. సింధు లోయలో మట్టి బొమ్మబండి లాగిన పిల్లాడి గురించి. కాన్పు గండం గట్టెక్కాలని ఈజిప్టు ఆడవాళ్ళు కట్టుకున్న తాయెత్తుల గురించి. రోము నగరంలో పుట్టిన ఎనిమిదో నాడో తొమ్మిదో నాడో పేరు పెట్టేవారని, ఆలోపు పోయిన బిడ్డను లెక్కలోకి తీసుకునేవారే కాదని. చివరికి మన దక్కనుకు వచ్చేవాణ్ణి. పసిబిడ్డ చనిపోతే కుండలో పడుకోబెట్టి, ఇంటి నేల కిందే పూడ్చుకునేవారని చెప్పేవాణ్ణి. దూరంగా పంపడానికి మనసొప్పక అయ్యుంటుంది అనేవాణ్ణి. ఆ మాట దగ్గర నా గొంతు జీరబోయేది. నటన కాదు, నిజంగానే. ఎవరో, ఎప్పుడో, ముఖం కూడా తెలియని తల్లి కోసం నాకు ఏడుపొచ్చేది.

ఇది గుర్తుపెట్టుకోండి. నేను రాతిగుండె వాణ్ణి కాదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆ పెద్ద తుపాను వచ్చిన ఏడాది ఉద్దానంలో నిలబడ్డ చెట్టు కన్నా పడ్డ చెట్టు ఎక్కువ. కొబ్బరి, జీడి, పనస, అన్నీ వేళ్ళతో సహా పైకి లేచాయి. ఏ తోట ఎవరిదో యజమానులే పోల్చుకోలేకపోయారు. అక్కుపల్లికి ఇవతల ఇసుకదిబ్బ మీద మా కాలేజీ విద్యార్థి ఒకడి తండ్రికి జీడితోట ఉండేది. మోళ్ళు పీకిస్తుంటే ఒక కుండ బయటపడింది. లోపల ఎముకలు. మావాడికి వెంటనే నా పాఠం గుర్తొచ్చి ఫోన్ చేశాడు. "సార్, మీరు సెప్పిన కుండే!"

బండి మీద వెళ్ళాను. మందపాటి కుండ, చేత్తో చేసినట్టు వంకర టింకరగా ఉంది. గవ్వల సున్నం అట్టలు కట్టి ఉంది. మూతి మీద చిప్ప బోర్లించి ఉంది. లోపల ఇసుకలో సన్నటి ఎముకలు, అగ్గిపుల్లలంత. నేను అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. చుట్టూ జనం. "ఎన్నాళ్ళదంటారు మాస్టారూ?" అని ఎవరో అడిగారు. రెండు వేల ఏళ్ళకు తక్కువ ఉండదన్నాను. ఆ క్షణంలో అది అబద్ధం కాదు. నేను నిజంగా నమ్మాను. ఎన్నో ఏళ్ళు ఒకే పాఠం చెప్పినవాడికి ఏ కుండను చూసినా ఆ పాఠంలో కుండలాగే కనిపిస్తుంది.

సాయంత్రం కాకముందే ప్రిన్సిపాల్‌ గారు శాలువా తెప్పించారు. పేపరు వాళ్ళు ఫోటో తీసుకున్నారు. కుండ చేతుల్లో పట్టుకుని నేను, పక్కన మావాడు. మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కణ్ణే కూర్చుని పెయింటు కుంచెతో కుండలోని ఇసుక మెల్లగా తీస్తున్నాను. ఎముకల మధ్య ఆకుపచ్చగా ఏదో మెరిసింది. లాగాను. ఒక ముడి, ఒక గవ్వ, ఇంకో ముడి.

వల ముడి. ఈ తీరంలో పుట్టినవాడెవడికైనా ఆ ముడి తెలుసు. ఆ నూలు ఏ అంగట్లో దొరుకుతుందో కూడా నాకు తెలుసు.

రెండు వేల ఏళ్ళ కిందట నైలాను లేదు.

అప్పుడే లేచి పక్క గదిలో ఉన్న ప్రిన్సిపాల్‌ గారి దగ్గరికి వెళ్ళి, పొరపాటైందండీ అని ఉంటే ఏమయ్యేది? రెండు రోజులు నవ్వేవారు. మాస్టారు నిన్నమొన్నటి కుండకి శాలువా కప్పించుకున్నారని ఊరంతా చెప్పుకునేవారు. అంతే కదా? ఆ అంతే నాకు ఆ రోజు కొండంతలా కనిపించింది. ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టని మాస్టారిని నేను. ఒక్కరోజు పట్టించుకున్నారు. ఆ రుచి నోట్లో ఉండగానే ఉమ్మేయడం చేతకాలేదు. నూలును జేబులో వేసుకున్నాను. పురావస్తు శాఖకు తెలియజేద్దామా అని ప్రిన్సిపాల్‌ గారు అడిగితే, నేనే రాస్తాలెండి అన్నాను. రాయలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. కుండ గాజు బీరువాలోకి వెళ్ళింది. దాని కింద అట్ట మీద నా చేత్తో అందంగా రాశాను: "మన తీరపు తొలి బిడ్డ".

ఆ వారంలోనే పోలమ్మ వచ్చింది.

కాలేజీ గేటు దగ్గర ఎండుచేపల గంప దించి, లోపలికి రావడానికి మొహమాటపడుతూ నిలబడింది. కాశీబుగ్గలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. నలభై దాటి ఉంటాయి. నేనే బయటికి వెళ్ళాను. అప్పటి మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. మరిచిపోదామని చూస్తే మరింత గుర్తుండిపోయాయి.

"బాబూ, పేపర్లో కుండ నువ్వే పట్టుకున్నావంట గదా. మా సెల్లి కొడుకు సూపించినాడు."

"అవునమ్మా."

"నాకో గుంటడు పుట్టి పోనాడు బాబూ. పురుడు తీరకముందే పోనాడు. నాను పురిటి గదిలో ఉన్నాను, నన్ను బయటికి రానివ్వనేదు. మా అత్త ఉప్పుసేపల కుండలో ఎట్టి ఆ దిబ్బ మీద కప్పెట్టొచ్చింది. మూడు జీడిసెట్ల కాడ అని సెప్పింది. తుపానుకి సెట్లన్నీ పోనాయి. ఇప్పుడు ఏ కాడో నాకు తెల్దు. ఆ కుండ మాదేటి బాబూ?"

నేను గంపలోని ఎండుచేపల వైపు చూపు తిప్పుకున్నాను. నేను నమ్మలేదనుకుందో ఏమో, ఇంకా వివరంగా చెప్పింది.

"మొగగుంటడు ఉత్త మొలతో పోకూడదని మా అత్త వలనూలు కట్టింది. పురుడైతే ఎండి మొలతాడు ఏసుకునేవోలం. వలనూలుకే గవ్వ గుచ్చి కట్టింది. అందులో నూలేటైనా ఉన్నాదా బాబూ? సదూకున్నోడివి, నువ్వు సూసి సెప్తే నాను నమ్ముతాను."

నూలు అప్పటికి నా చొక్కా జేబులోనే ఉంది. జేబు మీద చెయ్యి వేసుకోకుండా ఉండడానికి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"లేదమ్మా," అన్నాను. "అది చాలా పాత కాలంది. రెండు వేల ఏళ్ళు. మీది కాదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముఖం వికసించింది. "అయితే మావోడు ఇంకా ఆడే ఉన్నాడు గదా! ఎవులూ తవ్వనేదు గదా!" అంది. అంతటితో పోయుంటే బాగుండేది. ఆ చోటు ఎక్కడుంటుందో నువ్వైతే పోల్చగలవు, ఒకసారి వచ్చి చూపించు అని బతిమాలింది. ఆ ఆదివారం వెళ్ళాను. కుండ దొరికిన గొయ్యి వైపు చూడకుండా, దానికి దూరంగా సరుగుడు చెట్ల పక్కన చదునుగా ఉన్న ఇసుక చూపించి, ఇక్కడే అయ్యుంటుందన్నాను. నోటికొచ్చిన చోటు. ఆమె అక్కడ వంగి ఇసుకను రెండు చేతులతో తడిమింది. పిల్లవాడి ఒళ్ళు తడిమినట్టే తడిమింది.

నేను ఆమె నుంచి బిడ్డను దాచడమే కాదు, ఒట్టి ఇసుకను చేతిలో పెట్టి ఇదే నీ బిడ్డ అన్నాను. ఏ పాత నాగరికతలోనైనా ఇంత పని చేసినవాడు ఉన్నాడా? నాకు తెలిసి లేడు.

అక్కడ ఆమె నాలుగు రాళ్ళు పెట్టుకుంది. అమావాస్యకో పున్నమికో గ్లాసుడు పాలు పోసి వచ్చేది. మొగుడు గుజరాత్‌లో వీరావల్ చేపలబోట్ల మీదకి వెళ్ళి అక్కడే జ్వరంతో పోయాడు. మళ్ళీ కాన్పు లేదు. నేను ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే రాళ్ళ పక్కన ఇసుక తడిగా ఉండేది. బండి ఆపేవాణ్ణి కాదు. ఇటు కాలేజీలో మాత్రం ప్రతి ఏడూ అదే పాఠం, అదే చోట అదే గొంతు. పిల్లలు బీరువా చుట్టూ మూగి కళ్ళు తుడుచుకునేవారు. నేను ఆ వైపు చూడకుండా చాక్‌పీసు పొడి దులుపుకునేవాణ్ణి. చెబుదామని ఎన్నిసార్లు అనుకోలేదు? చెబితే ఆమె తట్టుకోలేదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె బాగు కోసమే దాస్తున్నానట! తట్టుకోలేనిది నేనని తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

తర్వాత ఆమెకు కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఆ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు, ఏ ఊరివాళ్ళు అని మాత్రమే అడుగుతారు. డయాలసిస్ చేయించుకుని వస్తూ ఒకరోజు పలాస బస్టాండులో కనిపించింది. గుర్తుపట్టలేదు నేను. ఆమే పిలిచింది. చేతికి కట్టుతో, ఉబ్బిన ముఖంతో, పక్కన చెల్లెలి కొడుకుతో.

"బాబూ, దేవుడిలా కనిపించినావు. నాకింక ఎన్నాల్లో నేవు. మాలో కప్పెట్టడమే గదా. నన్ను ఆ గుంటడి పక్కనే ఎట్టమని ఈడికి సెప్పినాను. ఈడికి ఆ సోటు సరిగ్గా తెల్దు. నువ్వు ఎరుగుదువు. ఆ రోజు వొచ్చి సూపించు బాబూ. నీకు దండమెడతాను."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. బస్టాండంతా గోలగోలగా ఉంది, ఎవరి గొడవ వాళ్ళది, నేను చెబితే ఆమె తప్ప ఎవరూ వినేవారు కాదు. ఆమె బతికి ఉండగా బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టేవాణ్ణి. బీరువా తాళం నా దగ్గరే ఉంది. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట ఇది: "అలాగేనమ్మా."

ఈ మధ్యే పోయింది. చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. వెళ్ళాను. వెళ్ళకుండా ఉండొచ్చు కదా అంటారా? మాటిచ్చాను కదా. చూడండి, నిలబెట్టుకున్న మాట అదొక్కటే. పొద్దుటి ఎండలో, గునపాలు పట్టుకుని నలుగురు మగవాళ్ళు నా వైపు చూస్తూ నిలబడ్డారు. రాళ్ళు అప్పటికే ఇసుకలో కూరుకుపోయి సరిగా కనబడడం లేదు. నేను ముందుకెళ్ళి చెయ్యి చాపాను. "ఇక్కడే," అన్నాను. తవ్వుతుంటే పాత కుండకు గునపం తగులుతుందేమోనని వాళ్ళు ఎంత మెల్లగా తవ్వారో! ఆ జాగ్రత్త చూస్తూ నిలబడడం కన్నా ఆ గోతిలో నేను పడుకోవడం నయమనిపించింది. కుండ ఎక్కడుందో నాకు తెలుసు. టెక్కలి దగ్గర, గాజు వెనకాల, ట్యూబులైటు కింద ఉంది.

ఇసుక కప్పేశాక చెల్లెలి కొడుకు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తల్లీ బిడ్డా ఒక్క కాడ సేరినారు బాబూ. నీ పున్నెం."

ఆ చేతులు వదిలించుకోలేకపోయాను. నిజం చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. ఏమైంది అని నా భార్య అడుగుతోంది. కొత్తగా ఏమీ కాలేదు, పాతదే.

రేపు వెళ్ళి బీరువా తెరుస్తానా? ఆ కుర్రాణ్ణి పిలిచి డబ్బా చేతిలో పెడతానా? పెడితే అతను ఏం చేస్తాడు? మళ్ళీ తవ్వి ఇద్దర్నీ ఒకచోట చేరుస్తాడా, లేక నా మొహాన ఉమ్మేస్తాడా? రెండూ న్యాయమే. తెలియదు. ఇప్పటికైనా చేస్తానని మీకు మాటిచ్చే ధైర్యం లేదు. నా మాటల విలువ మీకీపాటికి తెలిసే ఉంటుంది.

ఒక్కటి మాత్రం చేయగలను, ఇది రాయడం. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ పిల్లవాణ్ణి వాడి తల్లి పేరుతో తలచుకోలేదు నేను. పురుడు తీరకముందే పోయాడు కాబట్టి వాడికి పేరు పెట్టలేదు. వాడికున్న ఒక్క పేరూ నేను అట్ట మీద రాసిందే, అదీ అబద్ధం. వాడు మన తీరపు తొలి బిడ్డ కాదు. రెండు వేల ఏళ్ళ వాడు కాదు. వాడు పోలమ్మ కొడుకు. వాడి నడుముకు నాయనమ్మ కట్టిన వలనూలు మొలతాడు నా దగ్గర ఉంది. పోలమ్మ అడిగితే లేదన్నాను.