పడవ మొలతాడులో వేలెడు ఖాళీ

తెనాలిలో బస్సులకు బాడీ కట్టి రంగులేసే షెడ్డులోంచి కొత్త బస్సు బయటికొస్తే, దాని ఒంటి పొడుగునా సాగే సన్నటి గీత చూసి జనం "రంగనాయకులు గీతరా! వంక పెట్టలేం" అనేవారు. ఎక్కడైనా కాస్త వంకరపోతే మాత్రం అది బర్నబాసు గీత. రంగనాయకులు అక్కడ మేస్త్రి, బర్నబాసు అతని శిష్యుడు. నిజానికి రెండు గీతలూ బర్నబాసువే. రేపల్లె మాలపల్లె నుంచి వచ్చినవాడు. షెడ్డులో అతని టీ గ్లాసు విడిగా గోడ మీద ఉండేది. పేరు అసలెక్కడా ఉండేది కాదు. తొమ్మిదేళ్ళు నోరెత్తకుండా పడ్డాడు.

1962లో చేరినప్పుడు ఎనిమిది నెలలు రంగు ముట్టనివ్వలేదు. ఎండకు కాగిన నల్ల రేకు మీద నీళ్ళతో గీత లాగాలి. చేతిలో ఉడత తోక వెంట్రుకల కుంచె, గొంతులో బిగబట్టిన ఊపిరి. కొసకు చేరేలోపే మొదలు ఎండిపోయేది. వెనకాలే ఎవరో నడుస్తూ తుడుచుకొస్తున్నట్టుండేది. బర్నబాసు ఉలిక్కిపడి తిరిగి చూసేవాడు.

"ఏంట్రా ఆ చూపు? గీత లాగేవాడు వెనక్కి చూడకూడదు. చెయ్యి కాదు, ఒళ్ళు నడవాలి!" అని కసిరేవాడు రంగనాయకులు.

1971లో సూర్యలంక ఆసామి పెద్దిరాజు తన పాత పడవకు ఎనామిల్ రంగులు వేయించబోయాడు. గురువూ శిష్యుడూ బాపట్లలో రైలు దిగి వెళ్ళారు. పడవ నడుము చుట్టూ తిరిగే గీతను అక్కడివాళ్ళు మొలతాడు అంటారు. అది తెగితే సముద్రం లోపలికొస్తుందని వాళ్ళ నమ్మకం.

మిట్టమధ్యాహ్నం గాలి పడిపోయింది. పడవ ముందుకొసకు మూరెడు ఇవతల కుంచె ఆగింది. అక్కడ చెక్క రంగు తాగేస్తోంది. బర్నబాసు కుంచె కర్రతో తట్టాడు. నానిన అట్టలా మెత్తగా పలికింది. ఒక క్షణం ఆగి, లోపల్నుంచి అదే చప్పుడు తిరిగొచ్చింది. ఎవరైనా పడుకున్నారేమోనని ఎక్కి చూశాడు. ఒక తడి తాడు ఉంది, అంతే.

"అయ్యా, ఇక్కడ పుచ్చిందండి. పలక మార్చాలండి."

"నాలుగు పూతలెయ్యి, పుచ్చు కనబడదు," అన్నాడు పెద్దిరాజు. "గీత గియ్యమని పిలిస్తే వీడు వైద్యం చెబుతాడేంటి, రంగనాయకులూ?"

బర్నబాసు ఆ చోట వేలెడు ఖాళీ వదిలాడు. ఎక్కేవాళ్ళు అదేంటని అడుగుతారు, అడిగితే చెబుదామని. సాయంత్రం అతను డబ్బాలు కడుగుతుండగా రంగనాయకులు ఆ ఖాళీని పూడ్చేసి, పడవ వెనక తన పేరు రాసుకున్నాడు.

కార్తీకంలో వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. అందులో వెళ్ళిన జాలరి నాగులుతో కలిపి నలుగురు పోయారు. తొమ్మిదోనాడు ఒక్క పలక ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఉప్పునీళ్ళలో అన్నాళ్ళు నానినా గీత చెక్కుచెదరలేదు, ఆ వేలెడు చోటు తప్ప. ఎవరో గోటితో గీరి తెరిచినట్టు అక్కడ చెక్క బయటపడి ఉంది.

కబురంది గురువూ శిష్యుడూ వచ్చేసరికి, నాగులు భార్య సీతారావమ్మ ఇసకలో పడి, పడవ మీద పేరున్న రంగనాయకుల్ని చూసి మొత్తుకుంది. "మొలతాడు తెంపి పంపావురా నా మొగుణ్ణి! నీ చెయ్యి పడిపోనూ!"

"ఆ పక్క గీత వీడిదేనమ్మా," అన్నాడు రంగనాయకులు. పూడ్చింది తానని అనలేదు. బర్నబాసూ అనలేదు.

తర్వాత అతనికి పనిచ్చినవాడు లేడు. రేపల్లెలో ఇంటి గడప మీద నీళ్ళతో గీతలు లాగుతూ కూర్చునేవాడు. ఎక్కడ మొదలుపెట్టినా ఒక చోట వేలెడు మేర ముందే ఎండిపోయేది. తలుపు తట్టినా, కంచం తట్టినా తడిచెక్క చప్పుడే.

"ఎవరితోనయ్యా ఆ మాటలు?" అంది భార్య కుమారి.

"నలుగురొచ్చారే. ఆ రోజు గట్టిగా ఎందుకు చెప్పలేదని అడుగుతున్నారు."

1974లో పెద్దిరాజు ఇంకో పాత పడవకు రంగులేయించి నీళ్ళలోకి దించుతున్నాడని కబురు తెలిసింది. బర్నబాసు ఎర్ర ఎనామిల్ డబ్బా పట్టుకుని పొద్దున్నే సూర్యలంకలో దిగాడు. జనమంతా చూస్తుండగా కొత్త రంగు మీద తట్టుకుంటూ గీత లాగాడు. మెత్తగా పలికిన చోటల్లా వేలెడు వదిలాడు. ఏడు ఖాళీలు.

"మళ్ళీ వచ్చాడ్రా తెంపేవాడు!"

"తిట్టండయ్యా. ముందు తట్టి చూసి, అప్పుడు తిట్టండి."

పెద్దిరాజు మనుషులు మీదపడి కుడిచెయ్యి విరిచారు. అప్పటికే గీత కింద పేరు రాసేశాడు: బర్నబాసు, రేపల్లె. బతుకులో మొదటిసారి.

సీతారావమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. మొదటి ఖాళీలో వేలు పెట్టి నొక్కింది. వేలు కణుపు దాకా దిగింది. వెనక్కి లాగి చూసుకుంటే కొసన నీళ్ళు, నాకితే ఉప్పన. ఆ పడవ రెండేళ్ళుగా ఒడ్డునే ఉంది. సముద్రం ముట్టనే లేదు.

ఆ రోజు ఒక్కడూ ఎక్కలేదు.

బర్నబాసు చేతికి మళ్ళీ కుంచె పట్టే పట్టు రాలేదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. పడవో, లాంచీయో, బస్సో ఎక్కేముందు పైరంగు చూసి మురిసిపోకండి. వేలితో తట్టండి. మెత్తగా పలికితే మీరు ఎక్కకండి, పక్కవాణ్ణి ఎక్కనివ్వకండి. ఆసామిని నలుగురిలో నిలదీయండి. ఆ గీత ఎవరు లాగారో కూడా అడగండి. పేరు లేకపోతే, దగ్గరుండి రాయించండి.