పొద్దువాలితే చల్లబడే వార్మర్

2021 చలికాలం. అరకు లోయకు పైన, కొండ అంచున ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. ఆసుపత్రి మెషీన్లు బాగుచేయడం నా ఉద్యోగం. అక్కడి బేబీ వార్మర్, అంటే పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే హీటర్ మంచం, పాడైందని కబురొస్తే వెళ్లాను. మధ్యాహ్నం స్విచ్ వేస్తే నిక్షేపంగా వేడెక్కింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. "దీనికోసమా నన్ను ఘాట్ రోడ్డంతా ఎక్కించారు?" అని నర్సు రాజులమ్మ మీద విరుచుకుపడ్డాను.

"పగలు బాగానే ఉంటాది సార్. సాయంత్రమైతే సల్లబడిపోతాది. మొన్న ఒకామెకి బరువు తక్కువ ఆడగుంట పుడితే దీని కిందే పెట్టినాం. దక్కలేదు. ఇప్పుడు లోపల ఇంకొకామెకి నొప్పులొత్తన్నాయి. మీరెళ్లిపోతే నానేటి సెయ్యాలి?"

సంచీ కింద పెట్టి, సాయంత్రం దాకా ఉండిపోయాను.

పొద్దువాలుతుండగా ఆమె ప్రసవించింది. మగబిడ్డ, వాడూ బరువు తక్కువే. తల్లికి రక్తం ఆగక రాజులమ్మ అక్కడ సతమతమవుతోంది. బిడ్డను వార్మర్ మీద పడుకోబెట్టాం. చూస్తుండగానే వేడి తగ్గసాగింది. అయ్యో, ఆ పాదాలు ఎంత చల్లగా ఉన్నాయో!

మీటర్ పెట్టాను. వోల్టేజ్, అంటే కరెంటును తోసే ఒత్తిడి, 230 ఉండాల్సింది 145. కరెంటు 1.65 ఆంపియర్లు. వోల్టేజ్‌ని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది. అది హీటర్ తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క. 88 ఓములు వచ్చింది. సరిగ్గా ఉండాల్సినంతే, కాబట్టి తీగ బాగుంది. వోల్టేజ్‌నీ కరెంటునీ గుణిస్తే పవర్, అంటే నిజంగా పుట్టే వేడి. ఆరువందల వాట్లు ఇవ్వాల్సిన హీటర్ రెండువందల నలభై కూడా ఇవ్వడం లేదు. లోపం మెషీన్‌లో కాదు, వచ్చే కరెంటులో ఉంది.

"ఈ వేళప్పుడు ఊళ్లో ఏం నడుస్తాయమ్మా?"

"కాఫీ పల్పర్లు సార్. పగలు కోసిన పళ్లకి ఆ పూటే తోలు తీసెయ్యాల. లేపోతే పులిసిపోతాయి. బేగి ఎళ్లండి, పక్క షెడ్డే!"

పరుగెత్తాను. షెడ్డులో మోటార్లన్నీ ఒకేసారి ఆడుతున్నాయి. వాటిని నడిపేది సుక్రు. "పై మడులే నీళ్లన్నీ తాగేస్తే కింద మడికేం మిగులుతుంది? మీ మోటార్లకీ ఆసుపత్రికీ ఒకటే లైను. అక్కడ బిడ్డ చల్లబడిపోతున్నాడు" అన్నాను.

సుక్రు వెంటనే స్విచ్‌లన్నీ కట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అయితే బాబూ, మొన్న మా గుంట పోయిన రోజు కూడా నానే స్విచ్ ఏసినాను."

ఏ తండ్రితో మాట్లాడుతున్నానో అప్పటిదాకా నాకు తెలియదు. "నీకెవరూ చెప్పలేదు కదయ్యా" అన్నాను.

అతను మోటారు బెల్టు ఊడదీసి, పల్పర్ చక్రం పట్టుకున్నాడు. "పళ్లు పాడవకూడదు. సేత్తో తిప్పుదాం రండి" అన్నాడు. మిగతావాళ్లూ తలో చక్రం అందుకున్నారు.

నేను తిరిగొచ్చేసరికి వోల్టేజ్ 205 దాటింది. పవర్ రెట్టింపైంది. కాసేపటికి ఆ చిన్న పాదాలు వెచ్చబడ్డాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. తర్వాత ఆసుపత్రికి విడిగా లైను వేశారు. ఆ సాయంత్రం మాత్రం ఎవరు అందుకుంటామన్నా సుక్రు చక్రం వదల్లేదట.

భాగహారం, గుణకారం, లెక్క అంతే. కానీ అది పగటిపూట వేసుంటే ఎవరికీ పనికొచ్చేది కాదు. అందుకే ఇప్పుడు ఎక్కడ మెషీన్ పాడైందన్నా, నేను వెళ్లినప్పుడు పనిచేసిందని తిరిగి రాను. చెడిపోతుందని వాళ్లు చెప్పిన వేళదాకా అక్కడే కూర్చుంటాను. సుక్రు కూతురి వేళకు అలా కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు.