పాట ఆపని గోవర్ధన్

మార్కాపురం బస్టాండు పక్కన కంప్యూటర్లు బాగుచేసే గోవర్ధన్‌కు మౌస్ నొక్కడం రాదు, కొట్టడమే వచ్చు. ఏ కంప్యూటర్ వచ్చినా ముందు అందులోంచి ఒక పాట పెట్టి, చొక్కా కొసతో తెర తుడిచి, అప్పుడు పనిలోకి దిగుతాడు. ఫోల్డర్ తీసేయబోతే నీకు అనుమతి లేదంటూ 'యాక్సెస్ డినైడ్' అని వచ్చిందా, గడప బయటే ఆపేసిన కొత్తల్లుడిలా మొహం ముడుచుకుంటాడు.

మొన్న బేస్తవారిపేట చర్చిలో పాటలు పాడించే కేథరిన్ ల్యాప్‌టాప్ తెచ్చింది. డ్రైవ్ నిండిపోయిందని, పాత రిహార్సల్ పాటల ఫోల్డర్ ఒక్కటి తీసేయమంది. అలవాటు కొద్దీ గోవర్ధన్ అందులోంచే ఒక పాట పెట్టాడు. అది మోగుతుండగానే ఫోల్డర్ తీసేయబోయాడు. కుదరదంది కంప్యూటర్. సెట్టింగుల్లోకి పోయి ఆ ఫోల్డర్‌కు తానే ఓనర్నని రాసుకున్నాడు. అయినా కుదరదంది.

"ఆ పాట ఆపి చూడరాదా అన్నా, మోగతాండే పాటను తీసేయనీదేమో," అంది కేథరిన్.

"పాటకూ దీనికీ ఏంది సంబంధం చెల్లెమ్మా? ఇది వైరస్," అంటూ, మాటమాత్రం అడక్కుండా డ్రైవ్ మొత్తం ఫార్మాట్ కొట్టాడు. పాట సగంలో ఆగింది.

"చూసినావా, పోయింది."

"చనిపోయిన మా నాయన ప్రార్థన చేసిన వీడియో ఆ డ్రైవ్‌లోనే ఉన్నింది," అంది ఆమె మెల్లగా.

గోవర్ధన్ చొక్కా కొసతో తెర మళ్లీ తుడిచాడు. కొట్టు మరీ నిశ్శబ్దంగా ఉందని, తన సెల్‌లో ఇంకో పాట పెట్టాడు.